టీచరమ్మ కుర్చీకి నవారు

ఆ కుర్చీ మా ఇంటికొచ్చిన నాడు, దాంట్ల ఏ దిక్కు నుంచి కూసోవాల్నో నాకు సమజ్ కాలే. అన్నీ వంపులు తిరిగిన స్టీలు పైపులే. ఒక పైపు మీద వేలు పెట్టి కొస దాక జరుపుకుంట పోతే, తిరిగి తిరిగి మొదలువెట్టిన కాడికే వచ్చిన. పైపుల నడుమ నల్ల తోలు పట్టీలు: కూసునేతందుకు ఒకటి, వీపుకు రెండు, చేతులకు చెరొకటి. మిగిలిందంత ఖాళీ జాగ.

కరీంనగర్ల మా పక్కింటి టీచరమ్మది అది. మిషన్ బడిల పాఠాలు చెప్పి రిటైరైంది. ఇంటి స్లాబు రిపేరుకు పెట్టి, నెల రోజులు చెల్లె ఇంటికి పోతూ, సామానంత ఒక అర్రల పెట్టి తాళమేసింది. ఈ ఒక్కటి మాత్రం మా ఇంట్ల పెట్టింది. "మా ఇంటి సారు ఇష్టపడి తెచ్చుకున్నడు. ఆయన పోయినంక దీన్ని ఎవ్వరికీ ఇయ్యలే. జర పైలం," అన్నది.

"బట్టలారేసే స్టాండా గిది?" అన్నది మా ఇంటామె. తెల్లారి చూస్తే దాని మీద రెండు తువ్వాలలున్నయి.

మా బాపుకు నలభై ఏండ్లు మరమగ్గాల కాడ నిలవడి నడుం కొయ్యబారింది. నిలవడుతడు, లేకపోతే పండుతడు. కూసునుడు మాత్రం వశం కాదు. బువ్వ కూడ గోడకు ఆనుకొనే తింటడు. ఆయన కూసుంటే చూడక మూడేండ్లయింది. దవాఖానలు తిరిగి తిరిగి నేనే అలిసిపోయిన.

నా నోరు ఊకుంటదా? "బాపూ, ఇది నడుం నొప్పి కుర్చీ. జర్మనీ డాక్టర్లు చేసిండ్రు. దీంట్ల రెండు నెలలు కూసున్న ఒకాయన, కొండగట్టు మెట్లన్నీ ఉరికి ఎక్కిండు. వెనకవడ్డ కోతులకు దమ్మొచ్చింది," అన్న.

బాపు కూసున్నడు. పది నిమిషాలకు మూలుక్కుంట లేచి, చుట్టూ తిరిగి, పట్టీలు గుంజి చూసి, "నీ డాక్టర్లు పని సగంల ఇడిసిపెట్టిండ్రు రా. అల్లిక ఖతం కాలే," అన్నడు.

నేను నవ్వి, మూడు రోజుల పని మీద ఉట్నూర్ పోయిన. వాపస్ వచ్చేసరికి బాపు అటుక మీది పాత మంచం నవారు ఉతికి, ఆ ఖాళీ జాగలన్నీ అల్లేసిండు. పైపు నుంచి పైపుకు, ఒకటి మీద, ఒకటి కింద. తోలుకు ఒక్క బెజ్జం పడలే, స్టీలుకు ఒక్క గీత లేదు. అండ్ల దర్జాగ కూసుండి, తల్లె ఒళ్లె పెట్టుకొని బువ్వ తింటుండు.

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. నడుం నా అబద్ధానికి ఒంగిందా, నవారుకు ఒంగిందా? ఇప్పేస్తే ఆయన మళ్ల గోడకాడికే. ఇప్పకపోతే టీచరమ్మకు ఏం ముఖం చూపియ్యాలె? దొంగలొచ్చి అల్లిపోయిండ్రని ఒకటి, చలికి కుర్చీకే అంగీ మొలిచిందని ఒకటి, రెండు కతలు తయారు చేసి పెట్టుకున్న.

నెల తిరిగినంక ఒక ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి సీదా మా ఇంటికే వచ్చింది. చూసింది. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. నా రెండు కతల్ల ఏది ముందు చెప్పాల్నో లెక్కేసుకుంటున్న.

బాపే లేచిండు. "సగంల ఆగిన పని కద చెల్లె, నేను పూర్తి చేసిన. వద్దంటే ఇప్పుడే ఇప్పేస్త."

టీచరమ్మ నవారు మీద వేలు పెట్టి చాలాసేపు జరిపింది. "మా సారుకు ఇందుల నడుం గుంజేదన్నా. పక్కన పేము కుర్చీల కూసుండి దీన్ని చూసేటోడు," అన్నది. వేలు తీసి, "ఉండనీ. గిట్లనే తీస్కపోత," అన్నది.

తీస్కపోయింది. ఆ పొద్దుమీకి బాపు మళ్ల గోడకానుకొని తిన్నడు.

రెండొద్దులకు చూస్తే బాపు చెప్పులేసుకుంటుండు. "కొత్త అల్లిక సదులుతది. జర బిగించొస్త," అన్నడు. తెల్లారి మళ్ల పోయిండు. ఆ తెల్లారి కూడ. గింత సదులుతదా నవారు? మా ఇంటామెను అడిగిన. "మగ్గాలోల్ల ఇంట్ల పుట్టింది నువ్వా, నేనా?" అన్నది.

ఆగలేక గోడ మీంచి తొంగి చూసిన. బాపు స్టీలు కుర్చీల ఉన్నడు, చేతిల చాయ్ గిలాస. టీచరమ్మ పేము కుర్చీల కూసుండి పేపరు చదివి వినిపిస్తున్నది.

"ఏం బాపూ, బిగిసిందా?"

"ఏడ రా! మనిషి బరువు పడితేనే ఏడ సదిలిందో తెలుస్తది," అన్నడు, నా దిక్కు చూడకుంట.

ఆ మాట నిజమో కాదో నాకు ఇయ్యాళటి దాక సమజ్ కాలే.