తాళంచెవి మా ఇంట్లో, మాట కమిటీది

నా మాటలు పుస్తకం భాషలోకి మార్చి రాస్తానన్నావు, సరే. కానీ ఎవరు ఏమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే రాయి. మీ తాత నోట్లో పుస్తకం భాష పెడితే చదివినవాళ్లు ఇదెవరో వేరే మనిషి అనుకుంటారు.

ఇదంతా మొదలైంది నీ పాఠంతోనే. జగిత్యాల కాలేజీ నుంచి సెలవుకు వచ్చావు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని పైకి చదువుతున్నావు. రాజు ఉన్న దేశాల్లో కూడా ఓట్లుంటాయట. ఓట్లతో గెలిచినవాళ్ల పెద్ద ప్రధాని అవుతాడట. ఆయనా, మంత్రులూ కూర్చుని నిర్ణయిస్తే రాజు సంతకం పెడతాడట.

"గంతేనా రాజు పని?" అని అడిగాను.

"గంతే బాపమ్మా. సభల రాజు సదివే ఉపన్యాసం గూడ మంత్రులే రాసిస్తరు. నా ప్రభుత్వం అంటడు గని మాట ఆయనది గాదు."

"ఆయనకు నచ్చకుంటే?"

"అడగొచ్చు. గిట్లయితే కష్టమని చెప్పొచ్చు. ఆఖరికి వాళ్ల మాటే."

"మరి తిట్లెవరికి?"

నువ్వు పేజీ వెనక్కి తిప్పి చూశావు. "మంత్రులకే. అందరు కలిసి బాధ్యులు. లోపల వద్దన్నోడు గూడ బయట ఔననాలె. లేకుంటే రాజీనామా జెయ్యాలె."

"మాకాడ తిట్లన్ని రాజుకే వడ్డయి బిడ్డా" అన్నాను. ఆ కథ చెప్పమని అప్పటి నుంచి వెంట పడ్డావు. చెప్తాను, రాసుకో.

నేను కోరుట్లలో పుట్టాను. సిరిసిల్లకు కోడలిగా వచ్చిన రోజు మా అత్త నాకు చూపించిన మొదటి వస్తువు దేవుడి గూడు పక్కన మేకుకు వేలాడే తాళంచెవి. అది కులసంఘం భవనానిది. కులపెద్దతనం ఈ ఇంటికి తాతల నాటి నుంచి వస్తోంది. మీ తాత సాంచాలు నడిపి బతికినవాడే, అంటే మరమగ్గాలు. కూలివాడైనా కులపెద్దే. పెళ్లిలో మొదటి బొట్టు ఆయనకే, సభలో మొదటి కుర్చీ ఆయనదే. కానీ నిర్ణయాలు కమిటీవి. గల్లీకి ఒకరిని చేతులెత్తి ఎన్నుకుంటారు, వాళ్లు ఒక అధ్యక్షుణ్ని పెట్టుకుంటారు. వాళ్లు తేల్చింది మీ తాత చెప్పాలి. తాళంచెవి మా మేకుకు ఉంటుంది, తలుపు మాత్రం కమిటీ మాట మీదే తెరుచుకుంటుంది.

ఇంకో రివాజు కూడా ఉండేది. నిర్ణయం ఏ ఇంటికి సంబంధించిందో ఆ ఇంటి గడప ముందు నిలబడి కులపెద్ద దాన్ని చెప్పాలి. కమిటీ మొత్తం ఆయన వెనక నిలబడాలి, లోపల కొట్లాడినవాడు కూడా. ఫోన్లో గ్రూపు వచ్చాక ఆ నిలబడడం మానేశారు. మాట గ్రూపులో పెడతారు, కింద మీ తాత పేరు రాస్తారు. నచ్చనివాళ్లు మా గల్లీలోకి వచ్చి ఆయన్ని తిట్టి పోతారు. నిర్ణయించినవాళ్లు ఇంట్లో అన్నం తింటూ ఉంటారు.

పోయిన వానాకాలం మా గోడవతల కిరాయి ఇంట్లో ఒకాయన మంచం పట్టాడు. ముస్తాబాద్ అవతలి ఊరివాడు, మీ తాతతో కలిసి సాంచాలు నడిపినవాడు. ఊళ్లో ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. ఆయన భార్య బీడీలు చుడుతుంది, నన్ను అక్కా అంటుంది. ఒక మధ్యాహ్నం బీడీల చాట ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద కూర్చుంది. చుట్టడం లేదు, ఆకులు కత్తిరిస్తూనే ఉంది.

"ఇల్లుగల్లాయన అచ్చిండక్కా" అంది. "ఏమన్నయితే ఇంట్ల ఉంచద్దన్నడు. ఆయన బిడ్డ లగ్గమున్నదట."

ఈ ఊళ్లో కిరాయి ఇంట్లో ఎవరైనా పోతే ఇంటికి మైల పట్టిందంటారు, మళ్లీ ఎవరూ అద్దెకు రారంటారు. అందుకే శవాన్ని ఇంట్లో ఉంచనివ్వరు. అంతకు ముందు వానల్లో ఒక ముసలామెను రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. నీళ్లు ఆమె పాదాల దాకా వచ్చాయి. కొడుకు ఇటుకలు తెచ్చి కింద పెట్టాడు.

"తాళంచెవి మీ ఇంట్లనే ఉన్నది గదక్కా" అంది ఆమె, నా వైపు చూడకుండా.

ఆ రోజు నుంచి నాకు దిగులు. గల్లీలో సాంచాలు నడుస్తున్నంతసేపూ ఆ చప్పుడులో ఏమీ వినపడదు. కరెంటు పోతే అన్నీ ఒక్కసారి ఆగుతాయి, అప్పుడు గోడవతల నుంచి దగ్గు వినపడుతుంది. కరెంటు పోయినప్పుడల్లా చేతిలో పని వదిలి వినేదాన్ని. దగ్గు వినపడితే పాపం అనిపించేది, వినపడకపోతే లేచి గోడ దగ్గరికి పోయేదాన్ని.

మీ తాతకు చెప్పాను. "భవనం శుభకార్యాలకే అని కమిటీ తీర్మానం జేసింది గదనే" అన్నాడు.

"తాళంచెవి మేకుకే ఉన్నది. తీస్తే ఎవలు వట్టుకుంటరు?"

"మేకు మనది. చెవి మనది గాదు" అన్నాడు. "ఇయ్యాల మంచికి తీస్త. రేపు మనసు తిరిగి చెడ్డకు తీస్త. అప్పుడు నన్ను ఆపేటోడెవడు?"

నాకు కోపం వచ్చింది. ఆ మనిషి పక్క సాంచా మీద ఎన్నేళ్లు నడిపాడో మర్చిపోయాడా అనుకున్నాను. మర్చిపోలేదు. ఆ సాయంత్రమే కమిటీని మా ఇంటికి పిలిచాడు.

అరుగు నిండా చెప్పులు. నేను చాయ్ పెడుతూ తలుపు చాటు నుంచి వింటున్నాను. మీ తాత అడిగాడు, గిట్లున్నది సంగతి, ఏం జేద్దామని. అధ్యక్షుడు మీ తాతను కాకా అంటాడు, మంచివాడే.

"శవం వెట్టిన కాడ ఎవడన్న పుస్తె కడ్తడా కాకా? లగ్గాలకు ఎవ్వలు రారు. భవనం పాడువడ్తది."

టార్పాలిన్ కింద పడుకోబెట్టిన ముసలామె కొడుకు కూడా కమిటీలో ఉన్నాడు. "మా అవ్వకయింది గుర్తున్నదా?" అన్నాడు. అందరూ తల వంచారు. చేతులెత్తితే మాత్రం వద్దన్నవే ఎక్కువ.

"సరే" అన్నాడు మీ తాత. నేను చాయ్ గిన్నె దించి గుమ్మంలోకి వచ్చాను.

అధ్యక్షుడు లేచాడు. "నేను గ్రూపుల వెడ్త కాకా. నువ్వు పరేషాన్ గాకు."

"ఫోన్ల ఒద్దు. వాళ్ల గడప కాడ నేనే చెప్త. మీరందరు నా ఎనుక నిలవడాలె. అది రివాజు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మీ మాట మీ ముంగట చెప్తె నాకు గూడ తేలిక."

ఎవరూ కాదనలేకపోయారు, రివాజు కదా. మీ తాత ముందు, వాళ్లు వెనక, అందరి వెనక నేను. పోయాక భవనంలో చోటు లేదన్న మాట, మనిషి బతికుండగానే ఆయన చెవిన పడబోతోంది.

తలుపు తెరిచే ఉంది. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, చొక్కా లేదు, పక్కటెముకలు కనపడుతున్నాయి. ఇంతమందిని చూసి కంగారుగా తువ్వాల భుజాన వేసుకున్నాడు. తనను చూడడానికి వచ్చారనుకున్నాడు.

"కులపెద్ద మనింటికచ్చిండే" అన్నాడు భార్యతో, మాట మాటకూ ఊపిరి అందుకుంటూ. "కమిటీ మొత్తమచ్చింది. చాయ్ వెట్టు. అన్నా, ఎండల నిలవడ్డరేంది, లోపటికి రాండ్రి."

ఎండ లేదు, మబ్బుగా ఉంది. ఆమెకు మాత్రం అర్థమైంది. స్టవ్ వైపు పోకుండా తలుపు పట్టుకుని నా మొహంలోకి చూసింది.

మీ తాత గడప ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి అధ్యక్షుణ్ని అడిగాడు. "చెప్పమంటవా?"

అధ్యక్షుడు చూపు దించుకున్నాడు. మీ తాత ఒక్కొక్కరి వైపూ తిరిగి అదే మాట అడిగాడు. చెప్పు అని ఒక్కరంటే చెప్పేసేవాడు, నాకు తెలుసు. అందుకే నాకు భయం.

"మల్ల కూసుందాం కాకా" అన్నాడు అధ్యక్షుడు చివరికి. లోపలికి పోయి అందరూ ఆ చాయ్ తాగారు. బయటికి వచ్చాక అధ్యక్షుడు మీ తాతతో "గిట్ల ఇరికిస్తవా కాకా మమ్ముల?" అన్నాడు. "నేనేం జేసిన? మీరు చెప్పుమన్నదే చెప్తనన్న" అన్నాడు మీ తాత.

మళ్లీ మా అరుగు మీదే కూర్చున్నారు. ఈసారి తేలింది. పెళ్లిళ్లు ముందు హాల్లోనే జరుగుతాయి. వెనక ఇప్పుడు వాడని పాత వంటల షెడ్డుకు వేరే గేటుంది, తాళంచెవి అదే. కిరాయి ఇళ్లలో ఉన్నవాళ్లు ఎవరు పోయినా ఆ షెడ్డు తెరవాలి. బతికున్న మనిషి గడపలో ఆ మాట చెప్పలేం కాబట్టి, మరునాడు అందరినీ పిలిచి భవనం ముందే చెప్పాడు మీ తాత. కమిటీ వెనక నిలబడింది. వద్దని చేతులెత్తినవాళ్లు కూడా నిలబడ్డారు.

చలి మొదలవుతున్నప్పుడు ఒక పొద్దున కరెంటు పోయింది. దగ్గు వినపడలేదు. ఎంతసేపు విన్నా వినపడలేదు. తర్వాత ఆమె ఏడుపు వినపడింది.

నేను తాళంచెవి తీసుకున్నాను. మీ తాత అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. "అడుగుడేంది కాకా, తీయుమన్నం గదా" అంటున్నాడు ఆయన. "అయితే రాండ్రి. మీరచ్చినంక తీస్త" అన్నాడు మీ తాత. నాకు కాలు నిలవలేదు. ఎందుకంటే ఆ రోజు హాల్లో పెళ్లుంది.

శవాన్ని ట్రాలీ ఆటోలో వెనక గేటు దగ్గరికి తెచ్చేసరికి పెళ్లివాళ్లకు తెలిసింది. నలుగురైదుగురు పరుగున వచ్చారు. ముందున్నవాడు నేరుగా మీ తాత మీదికి వచ్చాడు. "ఏం కులపెద్దవయ్య నువ్వు? మా పొల్ల లగ్గం రోజే దొరికిందా నీకు?"

అంతలో అధ్యక్షుడు బండి దిగి, హెల్మెట్ కూడా తీయకుండా మధ్యలోకి వచ్చాడు. "కాకను ఏమనకు. నిర్ణయం మాది. అనేదుంటే నన్నను. వచ్చేసారి నన్ను దించురి. గని గేటు తీసేది తీసేదే."

మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. అప్పుడు మీ తాత నా వైపు చెయ్యి చాపాడు. తాళం తుప్పు పట్టి రెండుసార్లు మొండికేసింది, మూడోసారి తిరిగింది.

షెడ్డులో ఆయన్ని పడుకోబెట్టాక ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. హాల్లో బ్యాండు ఆగింది. ఆపమని ఎవరు చెప్పారో తెలియదు. మళ్లీ ఏ నిమిషాన మొదలుపెడతారో అని వింటూ నేను గేటు దగ్గరే నిలబడ్డాను. గేటు అవతల కమిటీవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఆయన్ని ఎత్తుకుని పోయేదాకా వాళ్లు కదలలేదు, బ్యాండు మొదలవలేదు.