మొదటి నీళ్ళు

రంగుల మిల్లులో ఆమెను అందరూ సీసాలమ్మ అనేవారు. మిల్లు వాడిన నీళ్ళను శుద్ధి చేసి కాలవలోకి వదిలే గొట్టం దగ్గర ఇరవై ఆరేళ్ళు నమూనాలు పట్టింది. వాల్వు తెరవగానే సీసా పెట్టేది కాదు. వందదాకా లెక్కపెట్టి, ఆ నీళ్ళు పోనిచ్చి, తర్వాతే పట్టేది. ఒక్కో విడత వదిలాక గొట్టాన్ని కుళాయి నీళ్ళతో కడుగుతారు. ఆ కడిగిన నీళ్ళే నిలవ ఉండి, మర్నాడు ముందుగా బయటికొస్తాయి. ఇది ఆమెకెవరూ చెప్పలేదు. చూసి చూసి తెలుసుకుంది.

ప్రయోగశాలకు కొత్తగా వచ్చినవాణ్ణి పెద్దసారు అనేవారు. కుర్చీని బట్టే తప్ప అతనిలో పెద్ద అనదగ్గది ఆమెకేమీ కనపడలేదు. గొట్టం దగ్గరికి ఒక్కసారి వచ్చాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, బూట్లు తడవకుండా. ఆపైన యంత్రం తెప్పించాడు. వాల్వు తెరుచుకోగానే తీగ వెంట సిగ్నల్ వస్తుంది. యంత్రం ఆ క్షణమే సీసా నింపి మూత బిగిస్తుంది. మనిషితో పనిలేదు. అయితే ఫలితాల కాగితం కింద ‘నమూనా తీసినవారు’ అన్నచోట మాత్రం మనిషి సంతకం కావాలి. తప్పు జరిగితే తిట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

మొదటి వారం ఫలితాలు అద్దంలా వచ్చాయి. పెద్దసారు వాటిని గోడకు అంటించి వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. మిల్లులో ఇక రంగులే అద్దడం లేదు కాబోలు అనుకుంది సీసాలమ్మ. మొదటి నీళ్ళ సంగతి చెప్పబోతే, యంత్రం ఎంత చురుకైనదో ఆమెకు చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఆ వారం కాగితం మీదా ఆమె సంతకం చెయ్యలేదు. తర్వాతి వారందాని మీదా చెయ్యలేదు. శనివారంలోగా రెండింటి మీదా పెట్టకపోతే సోమవారం నుంచి రావద్దని కబురు పెట్టాడు.

కాళ్ళనొప్పులతో లారీ మానేసిన మొగుడికి ఇల్లు ఆమె జీతంమీదే నడుస్తుందని బాగా తెలుసు. “సంతకమేగా, ఆస్తి రాసిస్తున్నావా? గీకి పారెయ్” అన్నాడు.

“ఆ కాలవ నీళ్ళు ఓ గ్లాసు తెస్తా, తాగుతారా?” అంది. ఆయన పేపరు పైకెత్తుకున్నాడు.

శనివారం యంత్రం పక్కనే నిలబడి, వంద లెక్కపెట్టి, తనో సీసా పట్టింది. రెండు సీసాలూ తెచ్చి పెద్దసారు బల్లమీద పెట్టింది. యంత్రానిది తేట నీళ్ళు. ఆమెది వంకాయ రంగు.

“ఇదెక్కడిది?”

“అదే గొట్టానిది సారూ. రెండు వారాలుగా మీరు పరీక్ష చేసింది గొట్టం కడిగిన కుళాయి నీళ్ళని.”

అతను ఆమె సీసాను ఎత్తి చూసి పెట్టేసి, తడవని చేతులనే తుడుచుకున్నాడు. ఎంతసేపు ఆగాలని అడిగాడు.

“వంద లెక్కపెట్టాలి.”

“ఎవరి వంద?”

“తొందర లేనివాళ్ళ వంద.”

సోమవారానికి యంత్రం ఆగి పట్టడం నేర్చుకుంది. గోడమీద పాత ఫలితాలు పోయి ‘ఆలస్య సిగ్నల్ పద్ధతి’ అని కొత్త పటం వచ్చింది, కింద పెద్దసారు పేరుతో. ఆనాటి ఫలితం చెడ్డగా వచ్చింది. శుద్ధి సరిచేసేదాకా వాల్వు మూసేశారు. ఆ కాగితం మీద సీసాలమ్మ గుండ్రంగా, తీరిగ్గా సంతకం చేసింది. పాత కాగితాలు రెండూ మడిచి అతని ముందుకు తోసింది.

“ఇవి మీరే పెట్టుకోండి సారూ. ఆ నీళ్ళు నేను పట్టలేదు.”