జపాను గోత్రం

తొంభై ఏడులో, మాదాపూర్ రాళ్ల మధ్య కంప్యూటర్ కంపెనీల కోసం లేస్తున్న ఒక భవనానికి మొగిలి కాపలాదారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇటుకల మీద కూర్చుని కూలీలకు పేపరు చదివి వినిపిస్తాడు. వేలు అక్షరాల కిందే నడుస్తుంది. ఒక్క మాట వదలడు. అడుగున ఉన్న ప్రెస్సు చిరునామా కూడా గట్టిగా చదివాకే పేపరు మడుస్తాడు. ఆ నెల సీరియల్ ఒక జపాన్ హంతకుడి జీవితం. టాక్సీ నడుపుతూ ఏడుగురు ఆడవాళ్లను గొంతు పిసికి చంపాడు. వాడి పేరు, బడిలో వచ్చిన మార్కులు, ఇష్టమైన చేప, చెప్పుల సైజు, అన్నీ రాశారు. చచ్చినవాళ్లు మాత్రం మొదటి మహిళ, రెండో మహిళ.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేరు చెప్పి గుడి దగ్గర అయ్యగారికి బియ్యమిచ్చే రోజు. కంకర మోసే బుచ్చవ్వ తన అత్తమామల పేర బియ్యమిచ్చి, కొంగులో ఇంకో ఏడు పిడికిళ్లు మిగుల్చుకుంది.

"గా జపాను ఆడోళ్లకు ఎవలన్న ఇచ్చిన్రో లేదో" అంది.

"గోత్రం?" అడిగారు అయ్యగారు.

"జపాను."

"పేర్లు?"

ఆమె వెంట వచ్చిన మొగిలి పేపరు తీసి, వేలు పెట్టి వెతికి, అందులో ఉన్న ఒకే ఒక్క పేరు చదవబోయాడు. బుచ్చవ్వ అతని నోరు మూసింది.

"వాని పేరు మీద ఒక్క గింజ పడొద్దు తమ్మీ."

ఏడు పిడికిళ్లూ పేరు లేకుండానే పళ్లెంలో పడ్డాయి.

మర్నాడు సీరియల్ ఆఖరి భాగం. వాడి పేరు పదకొండు సార్లు వచ్చింది. పదకొండు సార్లూ మొగిలి వేలు దాని కింద ఆగింది, నోరు మాత్రం తెరవలేదు. ప్రెస్సు చిరునామా ఎప్పటిలాగే గట్టిగా చదివి పేపరు మడిచాడు.