ఎడమ బుగ్గ హాజరీ

మా చంద్రపూర్ ఆఫీసులో పని పదింటికి మొదలవుతుందని గోడ మీద రాసి ఉంటుంది. నమ్మకండి. పదింటికి ఫ్యాన్లు మొదలవుతాయి. తర్వాత చాయ్, చాయ్ తర్వాత ఖర్రా, మధ్యాహ్నం అన్నం డబ్బా, డబ్బా తర్వాత మళ్లీ ఖర్రా. మధ్యలో తీరిక దొరికితే బొగ్గు లారీల సంగతి చూస్తాం. ఖర్రా అంటే వక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి ఇచ్చే మా ఊరి మహాప్రసాదం. మా సెక్షన్‌లో అది నమలనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకే నాకు పొగరంటారు. అననీ!

నా పక్క కుర్చీ దేవన్నది. వాళ్ల నాన్న ఆసిఫాబాద్ వైపు నుంచి బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. దేవన్న కాలనీలో పుట్టి, మరాఠీ బడిలో చదివి, ఇంట్లో తెలుగు, బ్యాంకులో మరాఠీ, కోపమొస్తే హిందీ మాట్లాడతాడు. ఎవరినీ నొప్పించి ఎరగడు. పొద్దస్తమానం ఎడమ బుగ్గలో ఖర్రా పెట్టుకున్న మనిషి నోరు తెరిచి ఎవరిని ఏమనగలడు లెండి!

పోయినేడు ముఖం చూసి హాజరీ వేసే యంత్రం వచ్చింది. నాగ్‌పూర్ నుంచి వచ్చినాయన మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఎప్పుడు? డబ్బా తిన్నాక! ఆ వేళ మా ఆఫీసులో ఖాళీ బుగ్గ ఎక్కడ దొరుకుతుంది? నేను తప్ప, సాహెబ్ అనంతరావుతో సహా అందరూ ఉబ్బిన బుగ్గలతోనే యంత్రంలోకెక్కారు. ఆ తర్వాత ఏ పేచీ లేదు. ఖర్రాతో వచ్చి నిలబడితే అది పేరు పెట్టి ధన్యవాద్ చెప్పేది.

దేవన్న ఖర్రా మానేసిన రోజున మొదలైంది పేచీ.

కూతురు వైశాలితో పానీపూరీ బండి దగ్గరకు పోతే పూరీ అతని నోట్లో పట్టలేదట. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోవడం లేదు. ఆ పిల్ల బండి దగ్గరే ఏడ్చేసింది. మానకపోతే ఆ బుగ్గలోనే క్యాన్సర్ వస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. దేవన్న కూతురి నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టు వేశాడు. మర్నాడు ఖాళీ నోటితో వచ్చి యంత్రం ముందు నిలబడ్డాడు.

"ఫిర్ సే కోషిష్ కరేఁ" అని, మళ్లీ ప్రయత్నించమంది యంత్రం.

ఎంతసేపు నిలబడ్డా అదే పాట. చివరికి సాహెబ్ దగ్గరకు పోయాడు. సాహెబ్‌ది తెలంగాణ సరిహద్దు పక్కనున్న రాజురా, తెలుగు బాగానే వచ్చు.

"కొత్త ఫోటో తీపియ్యుండ్రి సార్."

"తీపిద్దాం. గని హాజరీ ఉన్నోళ్లకే తీస్తరు. నువ్వియ్యాల గైర్హాజరు గదా!"

"మీ ముందలనే నిలవడ్డ గద సార్!"

"నాకు కనవడుతున్నవ్ బాబా. సిస్టంల కనవడుతలేవ్."

రానివాళ్ల ఇంటికి ఫోన్ చేసి కారణం కనుక్కోవడం మా ఆఫీసులో దేవన్న పని. సాయంత్రం సాహెబ్ అతన్నే పిలిచి, దేవన్న ఎందుకు రాలేదో కనుక్కోమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దేవన్న మాత్రం బుద్ధిగా ఇంటికి ఫోన్ కలిపాడు. భార్య సారక్క ఎత్తింది.

"దేవన్న యాడికి పోయిండు?"

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఆఫీసుకే పోతివి గదా!"

దేవన్న ఫోన్ పెట్టేశాడు. "ఆఫీసుకే పోయిండట సార్."

"మరి గిక్కడికి రాలేదేంది?" అని సాహెబ్ తల పట్టుకున్నాడు.

ఇక ఉపాయాలు మొదలయ్యాయి. బుగ్గలో గాలి నింపి చూశాడు, యంత్రం ఒప్పుకోలేదు. నేను దూది ఇచ్చాను, అదీ లాభం లేదు. చివరికి ప్యూన్ మారుతి చిన్న నిమ్మకాయ తెచ్చి ఎడమ బుగ్గలోకి తోయించాడు. "ధన్యవాద్, దేవన్న జీ!" ఆఫీసంతా ఈలలు. ఆనాటి నుంచి దేవన్న నోట్లో పట్టే నిమ్మకాయ కోసం సారక్క గోల్ బజార్‌లో గంపలన్నీ తిరగేసేది. ఆఫీసు ముందున్న పాన్‌ఠేలా కొట్టువాడు కూడా ఖర్రా పక్కన నిమ్మకాయలు పెట్టాడంటే చూడండి!

ఖర్రా మాత్రం ముట్టలేదు. చుట్టూ అందరూ నములుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా ముట్టలేదు. ఇంత మెత్తటి మనిషికి అంత పట్టుదల ఎక్కడిదో అని నాకు ఆశ్చర్యం, గౌరవం కూడా.

వానలు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున దేవన్న తడుచుకుంటూ వచ్చాడు. నిమ్మకాయ ఇంట్లోనే మరిచిపోయాడట. ఊరికే, అలవాటు కొద్దీ యంత్రం ముందు నిలబడ్డాడు.

"ధన్యవాద్, దేవన్న జీ!"

చప్పట్లు మారుమోగాయి. "మిషన్‌కు బుద్ధొచ్చిందిరో!" అని మారుతి గంతులేశాడు. సాహెబ్ పేడాలు తెప్పించమన్నాడు. నేనూ లేచి చప్పట్లు కొట్టాను.

దేవన్న నవ్వలేదు. ఎడమ బుగ్గ తడుముకున్నాడు. కుడి బుగ్గ తడుముకున్నాడు. మళ్లీ ఎడమ బుగ్గ మీదే చెయ్యి ఆగింది. నా చప్పట్లు ఆగిపోయాయి. అతను వెనక్కి తిరిగి వానలోకి నడిచాడు.

"అరే, హాజరీ పడ్డంక యాడికి పోతున్నవ్?" అని సాహెబ్ కేకేశాడు.

"దవాఖానకు సార్. నోట్ల ఏం లేదు, అయినా గుర్తువట్టింది."