ముప్పై కాగితాల్లో ఒకటే జవాబు

డిగ్రీ చివరి ఏడాది సైకాలజీ ప్రాజెక్టుకి కొల్లేటికోటలో చేపల చెరువుల మీద పనిచేసే ఆడవాళ్ళ దిగుళ్ళ గురించి సర్వే చేయాలి. నాకు కొత్తవాళ్ళంటే బెరుకు కనుక నా స్నేహితురాలే వెళ్ళి ముప్పై మంది చేత ప్రశ్నావళి నింపించుకొచ్చింది. ఏలూరులో మా కాలేజీ ల్యాబులో కూర్చుని వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే అన్నిటిలోనూ ఒకటే జవాబు: ఏ దిగులూ లేదు. ఊరెళ్ళకుండా తనే నింపేసిందని నాకు అనుమానం వచ్చింది. ఆమెను అడగకుండా మా ప్రాజెక్టు చూసే మేడంతో చెప్పేశాను.

"అయితే ఆ ఆడవాళ్ళతో ఇంటర్వ్యూలకి నువ్వే వెళ్ళమ్మా," అన్నారు మేడం.

వెళ్ళాను. వల బాగుచేస్తున్న ఒకావిడ నా కాగితాలు చూసి నవ్వింది.

"మళ్ళీ వచ్చారాండీ? మొన్న ఆ అమ్మాయికి చెప్పాం కదండీ. ఊళ్ళో అందరం కూడబలుక్కునే ఒకటే మాట చెప్పాం."

"ఎందుకండీ?"

"దిగులుందంటే చెరువుల వల్లేనని రాసుకెళ్తారు. ఆనక కొల్లేట్లో చెరువులుండకూడదని గట్లు కొట్టేయడానికి గవర్నమెంటు మిషన్లు వస్తాయి, మా పని పోద్ది. మీరు ఎవరి మనుషులో మాకేం తెలుసండీ?"

తిరిగొచ్చి ఆ సంగతి మేడంకి చెప్పాను. మర్నాడు క్లాసులో స్నేహితురాలు, "మేడం నన్ను అదోలా చూశారే ఇన్నాళ్ళూ, ఎందుకంటావ్?" అంది.

నేను చేసింది చెప్పేశాను. వారం రోజులు ఆమె నా పక్కన కూర్చోలేదు.