క్వయెసెంట్ అంటే సల్లబడుడు

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మానేశాననడం నా గొప్ప. బడివాళ్లు నన్ను వెతకను కూడా లేదు. అందుకే ఇంగ్లీషుకూ నాకూ ఉన్నది ముఖపరిచయమే. ఎదురుపడితే అది నన్ను గుర్తుపట్టదు, నేను దాన్ని పలకరించను.

అలాంటి నాకు మొన్న మేడ్చల్ ఆసుపత్రిలో ఒక మాట దొరికింది. టీబీ మందుల కోర్సు అయిపోయాక తీసిన ఎక్స్‌రేని డాక్టరమ్మ వెలుతురుకు పెట్టి చూసి, పక్కనున్న నర్సుతో "క్వయెసెంట్" అంది. నాకు క్వశ్చన్ అని వినబడింది. అడగండమ్మా, తెలిస్తే చెప్తాను అన్నాను. ఆమె నవ్వి విడమర్చి చెప్పింది. మచ్చ పోలేదట, పెరగడమూ లేదట, ఉన్నచోటే కదలకుండా పడి ఉందట. చచ్చిపోవడం వేరు, ఇది వేరు అని కూడా అంది. ఇంగ్లీషువాళ్లు కూడా ఆ మాటను ఎప్పుడో గానీ బయటికి తీయరట.

నాకు తెగ నచ్చింది. గుండ్లపోచంపల్లిలో నా అద్దె గదికి వచ్చి, కనబడినదానికల్లా తగిలించాను. గోదాముల పక్కన సగం కట్టి వదిలేసిన గోడ క్వయెసెంట్. జబ్బు పడ్డప్పటి నుంచి కదలని నా ట్రాలీ ఆటో క్వయెసెంట్. ఫొటోలో మా ఆవిడ... అక్కడ మాత్రం అతకలేదు. ఆమెది డాక్టరమ్మ చెప్పిన ఆ వేరే రకం.

ఈ కబురు చెప్పుకోవడానికి నాకున్నది శామీర్‌పేటలో మా అక్క ఒక్కతే. ఫోన్ చేస్తే, వచ్చి వాళ్లింట్లో ఉండమంటుంది. నేనేదో జోకు వేసి తప్పించుకోవాలి. మా ఆవిడ పోయినప్పటి నుంచీ ఇదే తంతు. జబ్బు చేశాక జోకుకూ ఊపిరి చాలక ఫోన్ ఎత్తడమే మానేశాను. పక్కింటి చాచా మేకల బేరానికి అటే వెళ్తున్నాడు. ఇంగ్లీషు మాట ఆయన మోయలేడని, దాన్ని మన మాటలోకి మార్చి పంపాను.

"అంతా సల్లబడ్డదని మా అక్కకు చెప్పు చాచా."

చాచా ఉర్దూ కలిసిన తెలుగులో మనిషికీ రోగానికీ తేడా ఉండదు. వెళ్లి, మీ తమ్ముడు సల్లబడ్డది అన్నాడట. రోగం చల్లబడితే మంచిదే. మనిషి చల్లబడితే మోయడానికి నలుగురు కావాలి.

కాసేపటికి గది ముందు ఆటో ఆగింది. అక్క ఏడ్చుకుంటూ దిగింది, వెనకాల బావ పూలదండతో. నేను గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నాను. నేనే, దండ కొలత సరిపోయిందో లేదో చూద్దామా బావా అన్నాను. బావ నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయాడు. అక్క ఆ దండ గుంజుకుని లోపలికి వెళ్లి, మా ఆవిడ ఫొటోకు వేసింది. ఆ ఫొటోకు అదే మొదటి దండ.

అప్పుడు డాక్టరమ్మ మాట చెప్పి, దాని అర్థమూ చెప్పాను. పోలేదు, పెరగలేదు, ఉన్నచోటే కదలకుండా ఉంది అని. అక్క కొంగుతో మొహం తుడుచుకుని గదిలో ఉన్న ఒక్క పళ్లెం వైపు, ఒక్క గ్లాసు వైపు చూసింది.

"అది రోగం పేరు గాదు తమ్మీ, నీ పేరు. మరదలు పోయినకాడికెల్లి గీ గోడకే ఆనుకొని కూసున్నవు. ఇగ లే, ఆటో ఆగి ఉన్నది."