మరణాల రిజిస్టరులో అన్న పేరు వెతికిన రోజు

ఈ బ్లాగులో ఇప్పటిదాకా కోటల గురించి, జలపాతాల గురించి, దారిలో తిన్న మిర్చిబజ్జీల గురించి రాశాను. ఈసారిది సరదా ప్రయాణం కాదు. నల్గొండ నుంచి హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లి, మా అన్న బతికే ఉన్నాడా అని ప్రభుత్వ ఆఫీసుల్లో అడుగుతూ తిరిగిన రోజు ఇది. ఇలాంటి పని మీద వెళ్లే అవసరం మీకెవరికీ రాకూడదు. వస్తే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి. నాకు చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

అన్న పేరు నర్సింహ. వినాయక చవితి ముందు నెలల్లో పాతబస్తీ పక్కన ధూల్‌పేట్‌లో విగ్రహాలకు రంగులు వేస్తాడు, మిగతా ఏడాదంతా మా ఊళ్లోనే ఇళ్లకు సున్నాలు, పెయింట్లు. ఎంత పనిలో ఉన్నా సాయంత్రం వదినకు ఫోన్ చేయకుండా ఉండడు. ఒకరోజు చేయలేదు. మర్నాటి నుంచి స్విచాఫ్. వారం దాటినా అంతే. ఠాణాలో ఫిర్యాదు ఇస్తే రాసుకున్నారు, వెతుకుతామన్నారు. ఇంతలో పాతబస్తీలో కూలికి వెళ్లి తిరిగొచ్చిన మా వీధి మనిషి ఒకతను నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, నీకు చెప్పాల్నా వద్దా అని మస్తు ఆలోచించిన. గక్కడ నర్సింహ అని పెయింటర్ ఒకాయన పోయిండంట. నేను సూడలే, ఇన్న గంతే."

వదినకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. గాజులు కొనడానికి చార్మినార్ వెళ్తున్నానని అబద్ధం చెప్పాను. అన్న కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నా వదిన, "పాతబస్తీకే పోతున్నవ్ గదా, మీ అన్న పనిచేసే షెడ్డు కాడ ఓసారి అడుగు" అంది. సరేనన్నాను.

పొద్దున ఆరు గంటల ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే తొమ్మిదిలోపు ఇమ్లిబన్ బస్టాండులో దిగొచ్చు. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్ డబ్బులుండవు. మామూలుగా నాకు కిటికీ పక్క సీటంటే ప్రాణం. ఆ రోజు దారిలో ఏమేం ఊళ్లు వచ్చాయో ఒక్కటీ గుర్తు లేదు. ఫోన్‌లో అన్న ఫొటో తెరవడం, చూడలేక మూసేయడం, మళ్లీ తెరవడం. బస్టాండు బయట ఆటో మాట్లాడుకుంటే ధూల్‌పేట్‌కు వంద అడిగారు, ఎనభైకి వచ్చారు.

వాన పడి ఆగింది. షెడ్ల మీద కప్పిన పట్టాల నుంచి నీళ్లు కారుతున్నాయి. లోపల రంగు వేయని తెల్లటి గణపతులు వరసగా నిలబడి ఉన్నారు, చాలా వాటికి ఇంకా కళ్లు దిద్దలేదు. వాటి మధ్యలోంచి నడిచాను. అన్న పనిచేసిన షెడ్డు యజమాని, అందరూ సేట్ అనే ఆయన, ఫొటో చూసి వెంటనే గుర్తుపట్టాడు.

"హా బెహన్, నర్సింహ. మంచి చెయ్యి. గీడ పని అయిపోంగనే వేరే షెడ్డుకు పోతున్న అన్నడు. ఏ షెడ్డో నాకు మాలూమ్ లేదు."

"నర్సింహ అని ఒక పెయింటర్ చనిపోయాడట..."

సేట్ నా ముఖంలోకి చూడకుండా చేతికంటిన రంగు తుడుచుకున్నాడు. "నేను భీ ఇన్న. గని ఏ నర్సింహనో తెల్వది. గీ బస్తీల నలుగురైదుగురు నర్సింహలున్నరు. మున్సిపల్ ఆఫీసుకు పో బెహన్, మౌత్ అయినోళ్లందర్నీ గక్కడ రాస్తరు."

చావులను రాసే చోటొకటి ఉంటుందని తెలుసు. దాన్ని వెతుక్కుంటూ వెళ్తానని ఎన్నడూ అనుకోలేదు. చార్మినార్ వైపున్న మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు మరో ఆటో. ఆ పరిసరాల్లో రద్దీ ఎక్కువ, ఆటో మెయిన్ రోడ్డు మీదే దించేస్తుంది, అక్కడి నుంచి గాజుల దుకాణాల మధ్య నడవాలి. "ఆయీయే బాజీ, దేఖో" అని పిలుస్తున్నారు. ఎర్రగాజుల వరసలు చూసినప్పుడల్లా వదిన చేతులే కళ్లముందుకొచ్చి తల దించుకుని నడిచాను.

ఆఫీసులో జనన మరణాల విభాగం ఎటని అడిగితే మెట్ల పక్క కిటికీ చూపించారు. ముందు నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది పిల్లల బడి కోసం పుట్టిన సర్టిఫికెట్లకు వచ్చినవాళ్లే. ఒకాయన చంకలో పాప కేరింతలు కొడుతోంది. నా వంతు వచ్చింది. కిటికీ అవతల యాభై దాటిన ఒక మేడం కూర్చుని ఉన్నారు.

"డెత్ సర్టిఫికెట్ కావాల్నా? ఏ తారీఖున పోయిన్రు?"

"తెలీదు మేడం."

"తారీఖు లేకుంటే ఎట్ల దొరుకుతదమ్మా? మీకేమైతరు?"

"అన్న. అసలు పోయాడో లేదో తెలీదు. పోలేదని తెలుసుకుందామని వచ్చాను."

ఆమె చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో "జల్దీ కానియ్యుండ్రి" అంటే, "జర ఆగు భాయ్" అని కసిరి, నన్ను పక్కనున్న తలుపులోంచి లోపలికి పిలిచి కుర్చీ చూపించారు. పేరు, ఊరు, వయసు, ఎప్పటి నుంచి ఫోన్ లేదో అడిగి వెతకడం మొదలుపెట్టారు. కంప్యూటర్ నెమ్మదిగా తిరుగుతోంది. ఆ కాసేపూ నేను దేవుడికి మొక్కలేదు, మొక్కడానికి కూడా భయమేసింది.

"నర్సింహ. నలభై రెండేండ్లు. మీ నాయిన పేరేంది?"

"యాదయ్య."

మేడం స్క్రీన్‌కు దగ్గరగా వంగి ఆ వరస మళ్లీ చదివారు. అది చూస్తేనే నాకు జవాబు దొరికినట్టయింది. 

"నాయిన పేరు యాదయ్యనే ఉన్నది బిడ్డా" అన్నారు. "గని అమ్మ పేరు రాయలేదు. మీ అన్నే అని నేను చెప్పలేను, కాదని భీ చెప్పలేను. యాదయ్య కొడుకు నర్సింహ అంటే మీ దిక్కు ఊరికి పదిమంది ఉంటరు. నువ్వు ఫికర్ పడి కూలబడకు. అడ్రసు ఛత్రినాక ఉన్నది. పోయి సూడు." ఒక చిన్న కాగితం మీద గల్లీ పేరు రాసి ఇచ్చారు. నిబంధనల ప్రకారం ఇవ్వొచ్చో లేదో నాకు తెలియదు, అందుకే ఆమె పేరు రాయడం లేదు.

ఛత్రినాక దూరమేమీ కాదు, ఆటోకు డెబ్భై. డ్రైవర్ పెద్దవయసు మనిషి. కాగితం చూపిస్తే గల్లీ పేరు చదివి నా ముఖం వంక చూశాడు. "క్యా హువా బేటీ, తబియత్ మంచిగ లేదా?" అన్నాడు. విషయం చెప్పాను.  గల్లీ మలుపులో ఆపి, "నేను గీడనే ఉంట. నువ్వు పోయి రా" అన్నాడు. గల్లీలోకి వెళ్లి నర్సింహ ఇల్లు ఎక్కడని అడిగాను. పాల డబ్బాలు కడుగుతున్న ఒకామె చెయ్యెత్తి ఇల్లు చూపించింది.

తలుపు తీసే ఉంది. గడప దగ్గర ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. "నర్సింహ ఇల్లు ఇదేనా?" అని అడిగాను. "ఇదే బిడ్డా, లోపటికి రా" అని పక్కకు జరిగింది. ఎదురుగా గోడకు దండ వేసిన ఫొటో, కింద దీపం. కళ్లు ఎత్తడానికి ఎంతసేపు పట్టిందో.

గుండ్రటి ముఖం, మందపాటి మీసం. మా అన్న కాదు.

నా నోట్లోంచి ఏదో అరుపులాంటిది వచ్చింది. నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. అది సంతోషం. కానీ ఆ పెద్దమ్మ లేచి వచ్చి నా తల తన భుజానికి ఆనించుకుంది. "ఊకో బిడ్డా, ఊకో. ఏం చేస్తం, గంతే రాసిపెట్టి ఉన్నది" అంటూ తనూ ఏడ్చింది. ఆమె కొడుకు కోసమే నేను ఏడుస్తున్నానని అనుకుంది. చెప్పకుండా లేచి వెళ్లిపోదామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఆమె ఇచ్చిన నీళ్లు తాగాక ఆ చెంబు చేతిలో పట్టుకుని, ఎందుకొచ్చానో మొత్తం చెప్పేశాను.

ఆమె లేచి ఫొటో కింద దీపం వత్తి సరిచేసింది. తిడుతుందనుకున్నాను.

"మా వోడు నిచ్చెన మీదికెళ్లి పడ్డడు" అంది. "అందరు పెద్ద దవాఖానకు ఎత్కపోయిన్రు. గాడ గేటు పక్కన పోలీసోళ్ల గది ఉంటది. దెబ్బలు తాకినోళ్లు ఎవరొచ్చినా గాళ్లే రాస్కుంటరు, పేరు తెల్వకున్నా రాస్కుంటరు. గాడ అడిగినవా?"

అడగలేదు. చావును వెతకడానికి పోయిన నాకు దెబ్బల సంగతి తోచనే లేదు. బయల్దేరుతుంటే ఆమె నా ఫోన్ నంబరు అడిగి, గోడ మీద సుద్దముక్కతో రాసుకుంది, తన నంబరు చెప్పింది.

ఆటో భాయ్ నన్ను నేరుగా ఆ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గేటు పక్కన పోలీస్ అవుట్‌పోస్ట్‌లో కానిస్టేబుల్ అన్న ఫొటో చూసి, మరో కానిస్టేబుల్‌కు చూపించి, "ఎముకల వార్డుల సూడుండ్రి" అన్నాడు. పెద్ద విగ్రహం భుజం మీదికెక్కి రంగు వేస్తూ జారిపడి తెలివి తప్పిన మనిషిని ఎవరో దించి వెళ్లారట. మొదట పేరు తెలియక 'గుర్తు తెలియని వ్యక్తి' అని రాశారట. వార్డు పొడవునా మంచాలు. ప్రతి మంచం దగ్గరా ఆశ, మళ్లీ భయం. కిటికీ పక్కన, కాలికి బరువు వేలాడదీసి, తలకు కట్టుతో పడుకున్న మనిషి కళ్లు తెరిచాడు.

"చెల్లె... నువ్వెట్ల వచ్చినవే?" అన్నాడు. "నిన్నటిదాంక నా పేరు గూడ యాదికి రాలే. ఫోన్ పలిగిపోయింది. మీ వదిన నంబర్ ఎంత యాది చేసినా వస్తలేదే."

వదినకు ఫోన్ కలిపి అన్న చెవి దగ్గర పెట్టి వరండాలోకి వచ్చేశాను. తర్వాత ఛత్రినాక పెద్దమ్మ నంబరుకు చేశాను. "దొరికిండమ్మా" అన్నాను.   ఆమె మెల్లగా అడిగింది: "అన్నం తిన్నడా బిడ్డా?"

అన్న ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ రోజు గుర్తొస్తే నాకు ఇంకా వణుకు వస్తుంది. కుర్చీలో కూర్చుని యాదయ్య అని చెప్పిన క్షణం ఒకటి, ఆ ఫొటో చూసి లోకమంతా నాదే అన్నంత సంతోషపడిన క్షణం ఇంకొకటి. రెండోదే ఎక్కువ వణికిస్తుంది. నాకు ఊపిరి తిరిగొచ్చింది ఒక తల్లి ఊపిరాడని ఇంట్లో. ఎవరైనా తప్పిపోతే మీరు చేయాల్సిన మొదటి పని ఇది: ఈమధ్య తీసిన ఫొటో పట్టుకుని ముందు పెద్దాసుపత్రి పోలీస్ అవుట్‌పోస్ట్‌కు వెళ్లండి. పేరుతో కాదు, ముఖంతో అడగండి. మున్సిపల్ కిటికీ దగ్గరికి ఆ తర్వాతే.